జర్మనీలో కొత్త కాపురం: సూట్‌కేసు సర్దడం నుంచి మొదటి చలికాలం దాకా

చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్లే తెలుగువాళ్లు వీసా చేతికొచ్చే దాకా పడే శ్రమలో పదో వంతు కూడా అక్కడి రోజువారీ బతుకు కోసం పడరు. దిగాక తెలుస్తుంది, ఇబ్బంది పెట్టేది చలి ఒక్కటే కాదని. మన దగ్గర పనులు మాట మీద, పరిచయం మీద, 'చూద్దాంలే' అనే ధీమా మీద నడుస్తాయి. అక్కడ కాగితం మీద ఉన్నది, గడువులోపు చేసినది, నోరు విప్పి చెప్పినది మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఈ మార్గదర్శిలో ఏ పని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ బెడిసికొడుతుందో, ఎందుకో చూద్దాం.

1. సూట్‌కేసు సర్దేటప్పుడు

ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తేకూడదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా కస్టమ్స్‌వాళ్లు చూస్తే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు, మునక్కాయలు, పచ్చిమిర్చి లాంటివి తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి వాటినీ వదిలేయండి. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కారం, చింతపండు పట్టుకెళ్లొచ్చు. పచ్చళ్లను రెండు కవర్లలో సీల్ చేయించి, చేతిసంచిలో కాకుండా చెకిన్ పెట్టెలో పెట్టండి. నెయ్యి లేదని బెంగ వద్దు. ఉప్పు వేయని వెన్న ఏ సూపర్‌మార్కెట్లోనైనా 250 గ్రాముల కట్టగా దొరుకుతుంది, సన్నని సెగ మీద కాచుకుంటే సరిపోతుంది. బటర్‌ష్మాల్ట్స్ పేరుతో కాచిన వెన్న కూడా అమ్ముతారు.

మిక్సీ నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు. అక్కడా కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు మాత్రం పట్టదు. ఎర్త్ కలిసే గట్టి అడాప్టర్ కొనండి, ఫోన్ చార్జర్ల కోసం చేసిన చిన్న అడాప్టర్‌కు మిక్సీ తగిలించొద్దు. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ పొయ్యి మీద పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే కొనండి.

అన్నింటికన్నా ముందు చూసుకోవాల్సింది పాస్‌పోర్టులో పేరు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలోనే ఉంటే అక్కడి ఫారాలు అడుగడుగునా ఆగిపోతాయి. బ్యాంకులో ఒకలా, ఇన్సూరెన్సులో ఇంకోలా నమోదై, ఆ రెండూ ఒక్కరివేనని నిరూపించుకోవాల్సి వస్తుంది. బయల్దేరకముందే సరిచేయించుకోండి. అక్కడ ఆఫీసులు, ఆస్పత్రులు మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తాయి కాబట్టి ఆ పిలుపుకు చెవి అలవాటు చేసుకోవాలి. డాక్టరు దగ్గర మీ ఇంటిపేరు పిలుస్తుంటే అది మీకేనని తట్టక వంతు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

2. మొదటి రెండు వారాలు: చిరునామా నమోదు

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా స్థానిక పౌర కార్యాలయంలో, అంటే బ్యుర్గరామ్ట్‌లో, చిరునామా నమోదు చేసుకోవాలని చట్టం. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. మిగతా పనులన్నీ దీని వెనకే కదులుతాయి. పన్ను నంబరు, నివాస అనుమతి, చాలా బ్యాంకుల్లో ఖాతా దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

పాస్‌పోర్టు, వీసా, నింపిన ఫారం, ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ పట్టుకెళ్లాలి. ఈ నాలుగోదాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. అద్దె ఒప్పందం చూపిస్తే చాలదు. అందుకే గది మాట్లాడుకునేటప్పుడే 'ఈ చిరునామాలో నమోదు చేసుకోవచ్చా?' అని అడగండి. కుదరదంటే ఎంత చవకైనా ఆ గది వద్దు. గది చూడకముందే అడ్వాన్సు పంపమనేవాళ్లకు పైసా పంపొద్దు. యజమాని విదేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్లో వస్తాయి అనే కథ మోసగాళ్లు రోజూ చెప్పేదే.

పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ వారాల తరబడి దొరకదు. భారత్‌లో ఉండగానే వెబ్‌సైట్లో ప్రయత్నించండి. పొద్దున్నే చూస్తే ఎవరో రద్దు చేసుకున్న వేళలు కనిపిస్తాయి. రెండు వారాలు దాటిపోతే ముందే అపాయింట్‌మెంట్ కోరినట్టు చూపే ఈమెయిల్ దగ్గర ఉంచుకోండి.

ఫారంలో మతం అనే గడి ఉంటుంది. క్యాథలిక్ అనో, ప్రొటెస్టెంట్లకు వాడే ఎవాంగెలిష్ అనో నమోదైతే జీతంలోంచి చర్చి పన్ను కోస్తారు. అది ఆదాయపు పన్నులో 9 శాతం, బవేరియాలోను, బాడెన్ వుర్టెంబెర్గ్‌లోను 8 శాతం. మన క్రైస్తవ కుటుంబాల పిల్లలు ఆ గడి దేనికోసమో తెలిసి నింపాలి.

నమోదయ్యాక 11 అంకెల పన్ను గుర్తింపు నంబరు పోస్టులో వస్తుంది. అది కంపెనీకి అందకపోతే ఆరో పన్ను తరగతి కింద ఎక్కువ పన్ను కోస్తారు. తర్వాత సర్దుబాటవుతుంది గానీ మొదటి జీతం చూసి గుండె గుభేలుమంటుంది.

నమోదు రోజునే విదేశీయుల కార్యాలయానికీ దరఖాస్తు మొదలుపెట్టండి. వీసా గడువు తీరకముందే నివాస అనుమతికి దరఖాస్తు చేస్తే, నిర్ణయం వచ్చే దాకా మీ పాత హక్కులు కొనసాగుతాయి. ఈలోగా ఇచ్చే తాత్కాలిక పత్రంతో ఊరికి వచ్చి మళ్లీ వెళ్లాలంటే అందులో నివాస చట్టం 81వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం పక్కన గుర్తు ఉందో లేదో చూసుకున్నాకే టికెట్ కొనండి.

3. ఉత్తరాల పెట్టె

ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఉత్తరాల పెట్టె మీద, కాలింగ్ బెల్ మీద మీ ఇంటిపేరు అతికించండి. ఫ్లాట్ నంబర్లు అక్కడ పెద్దగా వాడరు. పోస్టుమ్యాన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు, పేరు లేకపోతే తిప్పి పంపేస్తాడు. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, ఇన్సూరెన్స్ కార్డు, పన్ను నంబరు అన్నీ ఆ పెట్టెలోకే రావాలి. వేరేవాళ్ల ఇంట్లో గది తీసుకుంటే మీ పేరు కింద 'సీ/ఓ' అని వాళ్ల ఇంటిపేరు రాయించండి.

రోజూ పెట్టె తెరవండి. వచ్చిన ఉత్తరం అర్థం కాకపోతే ఫోన్ కెమెరాతో అనువదించి, ముందుగా గడువు తేదీ వెతకండి. ఫ్రిస్ట్ అంటే గడువు, మానుంగ్ అంటే బాకీ హెచ్చరిక. పక్కన పడేస్తే రుసుములు పెరిగి, చివరికి వసూలు సంస్థ చేతికి వెళుతుంది. అలా అయితే క్రెడిట్ రికార్డు చెడి, తర్వాత ఇల్లు దొరకడం కష్టమవుతుంది.

నమోదైన కొన్ని వారాలకు రేడియో, టీవీ రుసుము ఉత్తరం వస్తుంది. టీవీ లేకపోయినా కట్టాల్సిందే. ఇంటికి నెలకు 18.36 యూరోలు, మనిషికి కాదు. ముగ్గురు కలిసి ఉంటే ఒకరు కట్టి, మిగతావాళ్లు ఆ ఖాతా నంబరు రాసి పంపితే చాలు.

అంకెల్లోనూ తేడా ఉంది. 1.250 అంటే పన్నెండు వందల యాభై, 1,25 అంటే ఒకటింపావు. నోటితో 'హాల్బ్ ద్రై' అంటే రెండున్నర, మూడున్నర కాదు. అపాయింట్‌మెంట్ ఫోన్లో చెబితే 24 గంటల లెక్కలో తిరిగి చెప్పి ఖాయం చేసుకోండి.

ఫోన్, ఇంటర్నెట్, జిమ్ ఒప్పందాలు 24 నెలల దాకా కట్టేస్తాయి. 2022 మార్చి నుంచి చేసుకున్నవి ఆ గడువు తీరాక నెల నోటీసుతో వదిలించుకోవచ్చు. ఇల్లు ఖాళీ చేయాలంటే మామూలుగా మూడు నెలల నోటీసు, సంతకం చేసిన కాగితం మీద. అది నెలలో మూడో పనిదినంలోగా యజమానికి అందాలి. ఈమెయిల్, వాట్సాప్ చెల్లవు. ఒక్క రోజు ఆలస్యమైతే ఒక నెల అద్దె అదనం.

4. ఇల్లు: అడ్వాన్సు, వేడి, గాలి

ప్రకటనలో కనిపించే కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె. వార్మ్‌మీటెలో హీటింగ్, నీళ్లు, చెత్త వంటి ఖర్చుల అంచనా కలుస్తుంది. కరెంటు చాలాచోట్ల అందులో ఉండదు. ఆ అంచనా ఏడాదికోసారి లెక్క తేలుతుంది. ఎక్కువ వాడితే ఒకేసారి కొన్ని వందల యూరోలు కట్టమని ఉత్తరం రావచ్చు, కాబట్టి కొంత పక్కన పెట్టుకోండి. అడ్వాన్సు ఉత్త అద్దెకు మూడు రెట్లు మించకూడదు, దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. కొన్ని ఇళ్లు బల్బులు, పొయ్యి, సింకు కూడా లేకుండా ఇస్తారు. వంటగది ఉందా అని విడిగా అడగండి.

తాళం తీసుకునే రోజు యజమానితో కలిసి గదిగదీ తిరిగి గీతలు, మరకలు, మీటరు అంకెలు రాసి ఇద్దరూ సంతకం చేయండి, ఫొటోలు తీయండి. అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడానికి ఆధారం అదే.

తెలుగువాళ్ల ఇళ్లలో ఎక్కువగా వచ్చే సమస్య గోడల మీద బూజు. దానికి కారణం ఆవిరి. కిటికీలు బిగుతుగా మూసుకునే ఇళ్లవి. కుక్కర్ విజిళ్లు, అన్నం గంజి, వేడినీళ్ల స్నానం, గదిలో ఆరేసిన బట్టలు కలిసి లీటర్ల కొద్దీ నీటిని గాలిలోకి వదులుతాయి. ఆ తడి వెళ్లి చల్లగా ఉండే బయటి గోడ మూలల్లో, బీరువా వెనక నీరుగా మారుతుంది. అక్కడ నల్లమచ్చలు లేస్తాయి. గాలి ఆడించడం అద్దెకున్నవాళ్ల బాధ్యతేనని యజమాని వాదిస్తాడు, మరమ్మతు ఖర్చు మీ మీదకు రావచ్చు.

చేయాల్సింది ఇది:

- రోజుకు మూడు నాలుగు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఇంకా మంచిది. గడ్డకట్టే చలిలో 5 నిమిషాలు చాలు.
- తెరిచే ముందు రేడియేటర్ పిడిని సున్నాకు తిప్పండి. లేదంటే చల్లగాలి తగిలి, గది చల్లబడిందనుకుని అది పూర్తిగా తెరుచుకుంటుంది.
- కిటికీని పైభాగం మాత్రమే వాల్చి రోజంతా వదిలేయొద్దు. తడి పోదు, గోడ చల్లబడుతుంది, హీటింగ్ ఖర్చు పెరుగుతుంది.
- బీరువాను, మంచాన్ని బయటి గోడకు నాలుగైదు అంగుళాలు జరిపి పెట్టండి.
- పదిహేను యూరోల లోపు దొరికే తేమ మీటరు కొని, గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

రేడియేటర్ మీద 1 నుంచి 5 దాకా ఉండే అంకెలు వేడెక్కే వేగం కాదు, ఆగాల్సిన ఉష్ణోగ్రత. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకు దాదాపు 4 డిగ్రీల తేడా. 5 పెడితే గది తొందరగా వేడెక్కదు, 28 డిగ్రీలయ్యే దాకా ఆగకుండా మండుతుంది, అంతే. బయటికి వెళ్లినా పూర్తిగా ఆపకండి, 2 దగ్గర ఉంచండి.

తలుపు వెనక పడగానే లాక్ అయిపోతుంది, బయటివైపు తిప్పే పిడి ఉండదు. చెత్త పడేయడానికి వెళ్లినా తాళంచెవి జేబులో ఉండాలి. ఒకటి నమ్మకమైన స్నేహితుల దగ్గర ఉంచండి. తాళం తీసేవాణ్ణి పిలవాల్సి వస్తే ఫోన్లోనే మొత్తం ధర ఖాయం చేసుకోండి, రాత్రిళ్లు, ఆదివారాలు వందల యూరోలు గుంజే ముఠాలున్నాయి. భవనం మొత్తానికి పనిచేసే తాళంచెవి పోతే తాళాలన్నీ మార్చాల్సిన ఖర్చు మీ మీద పడొచ్చు. అందుకే సొంత పూచీ బీమా, అంటే హాఫ్ట్‌ఫ్లిష్ట్, తీసుకోండి. తాళంచెవులు పోయినా వర్తిస్తుందా అని ఒప్పందంలో చూడండి. తప్పనిసరి కాదు గానీ తొలి నెలలోనే తీసుకోవాల్సిన బీమా ఇది.

5. వంట, చప్పుడు, ఆదివారం

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, ఆదివారాలు, పండుగ సెలవుల్లో రోజంతా నిశ్శబ్దం పాటించాలి. మధ్యాహ్నం విరామం ఉందేమో భవనం నియమాల్లో చూడండి. ఆదివారం డ్రిల్లింగ్ వద్దు, మిక్సీ వద్దు. కాబట్టి ఇడ్లీ పిండి శనివారం పగలే రుబ్బాలి. దీనికి మన ఇడ్లీ రవ్వ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఒక కప్పు మినపగుళ్లు నానబెట్టి అవి మాత్రమే రుబ్బి, రెండు కప్పుల రవ్వ కడిగి, నీళ్లు పిండేసి అందులో కలుపుకుంటే మిక్సీ తిరిగేది కొద్దిసేపే. ఇరవై డిగ్రీల గదిలో పిండి పులవదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి దీపం మాత్రం వెలిగించి, గిన్నె పెట్టి తలుపు మూయండి. 10 నుంచి 14 గంటల్లో పొంగుతుంది. గిన్నె సగానికి మించి నింపొద్దు.

తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవండి, వంటగది తలుపు మూయండి. పొగ పోవాలని మెట్లవైపు తలుపు తెరిస్తే వాసన భవనమంతా పడుతుంది, పొరుగువాళ్లతో మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది. కోట్లు, స్వెటర్లు వంటగదికి దూరంగా మూసిన బీరువాలో పెట్టండి, ఉన్ని తాలింపు వాసనను పట్టుకుంటే వదలదు.

ఆదివారం దుకాణాలు మూసేస్తారు. కొన్ని బేకరీలు, పెట్రోలు బంకులు, పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలే దిక్కు. శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి. క్రిస్మస్, ఈస్టర్లప్పుడు వరసగా రెండు మూడు రోజులు ఇలాగే ఉంటుంది.

6. చెత్త, సీసాలు

రంగులు ఊరిని బట్టి మారినా సాధారణంగా పసుపు డబ్బాలో ప్లాస్టిక్, లోహపు ప్యాకింగులు, నీలంలో కాగితం, గోధుమరంగులో కూరగాయల తొక్కలు, నలుపు లేదా బూడిదరంగులో మిగిలినవి. పెరుగు డబ్బా కడగనక్కర్లేదు, ఖాళీ చేసి పైనున్న రేకు విడదీసి రెండూ పసుపులో వేయాలి. దుకాణం బిల్లులు నల్లడబ్బాలోకే, అది రసాయనం పూసిన కాగితం. మామూలు ప్లాస్టిక్ కవరులో కట్టిన తొక్కలు గోధుమ డబ్బాలో వేయొద్దు. డబ్బాలో తప్పు చెత్త కనిపిస్తే ఎత్తకుండా వదిలేస్తారు, ఆ కోపం భవనమంతా మీమీదకు తిప్పుకుంటుంది. గాజు సీసాలు వీధిలోని పెట్టెల్లో తెలుపు, ఆకుపచ్చ, గోధుమరంగుగా విడదీసి వేయాలి, అదీ ఆదివారం కాకుండా.

డబ్బు తిరిగొచ్చే సీసాలు వేరు. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకు, క్యాన్లకు 25 సెంట్లు, మళ్లీ నింపే వాటికి సాధారణంగా 8 లేదా 15. సూపర్‌మార్కెట్ యంత్రంలో వేసి, వచ్చిన రసీదు కౌంటర్లో ఇవ్వండి. సీసా నలిపితే యంత్రం గుర్తుపట్టదు.

7. ప్రయాణం, జబ్బు

దేశమంతా లోకల్ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లకు పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. ఐసీఈ వంటి వేగవంతమైన రైళ్లలో చెల్లదు. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు. మన డ్రైవింగ్ లైసెన్స్ కాపురం పెట్టిన ఆరు నెలల దాకానే చెల్లుతుంది. తర్వాత రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాయాలి.

జబ్బు చేయకముందే ఇంటికి దగ్గరలో ఒక కుటుంబ వైద్యుణ్ణి వెతుక్కోండి, చాలామంది కొత్త రోగుల్ని తీసుకోవడం లేదంటారు. ప్రాణాపాయమైతే 112, పోలీసులకు 110, క్లినిక్కులు మూసిన వేళ ఆగలేని జబ్బుకు 116117. యాంటీబయాటిక్స్ చీటీ లేనిదే ఇవ్వరు. మామూలు జలుబుకు టీ, విశ్రాంతి చెప్పి పంపితే డాక్టరు పట్టించుకోలేదని అనుకోవద్దు, అక్కడి వైద్యమే అంత. ఉద్యోగులు మొదటి రోజు పని మొదలవకముందే కంపెనీకి చెప్పాలి. మూడు రోజులు దాటితే డాక్టరు ధ్రువీకరణ తప్పనిసరి, కొన్ని కంపెనీలు మొదటి రోజు నుంచే అడుగుతాయి.

8. మనుషులు

మొహమాటం అక్కడ ఎదురు తిరుగుతుంది. మన ఇంట్లో అతిథి 'వద్దండీ' అంటాడు, మనం 'కొంచెమేనండీ' అంటాం, మూడోసారికి వడ్డిస్తాం. జర్మన్ ఇంట్లో ఒకసారి వద్దంటే గిన్నె లోపలికి వెళ్లిపోతుంది. రెండోసారి బలవంతపెడితే మీ మాటను గౌరవించనట్టు అవుతుందని వాళ్ల లెక్క. కావాలంటే మొదటిసారే 'యా, గెర్నె' అనండి. ఇంకో చిక్కుంది. కాఫీ కావాలా అన్నప్పుడు మర్యాదగా ఒట్టి 'డాంకె' అంటే వద్దన్నట్టు. మీరు పిలిచిన జర్మన్ అతిథి చాలంటే కూడా అక్కడితో ఆపేయండి, విస్తరిలో మరో గరిటె వేయడం ప్రేమగా తోచదు.

ఆఫీసులో ఇదే అలవాటు ఖరీదైనది. గురువారానికి అవుతుందా అని మేనేజర్ అడిగితే కాదనలేక 'ప్రయత్నిస్తా' అంటాం. ఆయన దాన్ని ఒప్పుకోలుగా రాసుకుంటాడు. గురువారం పని కాకపోతే ఆలస్యం కన్నా ముందే చెప్పకపోవడమే తప్పవుతుంది. 'గురువారానికి కాదు, ఫలానా డేటా రాలేదు, సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను' అని చెప్పండి. అవునో కాదో తేలకుండా తల ఊపే మన పద్ధతి వాళ్లకు అర్థం కాదు, నోటితో చెప్పండి. మీ పనిలో తప్పును అందరి ముందూ సూటిగా చెబితే అది పని గురించే, మీ మీద కోపం కాదు. మీటింగ్ అవగానే అదే మనిషి భోజనానికి పిలుస్తాడు.

మెట్ల మీద పొరుగువాళ్లకు, డాక్టరు దగ్గర గదిలో కూర్చున్నవాళ్లకు నమస్కార మాట చెప్పడం మర్యాద. మీరు అనే అర్థంలో వాడే 'జీ'తోనే మొదలుపెట్టండి. నువ్వు అనే అర్థంలో వాడే 'దూ' అనుకుందామని పెద్దవాళ్లో, పై హోదావాళ్లో అనాలి. ఐటీ కంపెనీల్లో మొదటి రోజే దూ అనుకోవడం మామూలే. జీతమెంత, పెళ్లెప్పుడు అనే ప్రశ్నలు పరిచయం పెరగకుండా వేయకండి.

ఎవరింటికైనా చెప్పకుండా వెళ్లొద్దు. పిలుపు వారాల ముందే వస్తుంది. ఏడింటికి రమ్మంటే ఏడుకో, అయిదు నిమిషాల తర్వాతో బెల్ కొట్టండి, ముందుగా వద్దు. ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టండి. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్క రోజు ముందు కూడా చెప్పకూడదు, అశుభమంటారు. మీ పుట్టినరోజుకు ఆఫీసుకు కేకు మీరే తీసుకెళ్లాలి. హోటల్లో బిల్లు ఎవరిది వాళ్లు కట్టడం మామూలు. టిప్పు 5 నుంచి 10 శాతం, డబ్బు ఇచ్చేటప్పుడే కలిపి మొత్తం చెప్పాలి. శాకాహారులు 'మాంసం వద్దు' అని ఊరుకోకుండా చేప, మాంసం ఉడికించిన నీళ్లు, జెలటిన్ కూడా వద్దని విడమరిచి చెప్పండి. సూపుల్లో, జెల్లీ మిఠాయిల్లో అవి ఉంటాయి.

9. మొదటి చలికాలం

హైదరాబాద్‌లో ఏడాదిలో చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. బెర్లిన్‌లో డిసెంబరులో 8 గంటల లోపే, సాయంత్రం నాలుగుకే చీకటి. నవంబరు నుంచి నిద్రమత్తు, దిగులు చాలామందికి వస్తాయి. మధ్యాహ్న భోజనవేళ, మబ్బు పట్టినా సరే, అరగంట బయట నడవండి. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి ఎండతో శరీరంలో విటమిన్ డి తయారు కాదు, మాత్రల మోతాదు డాక్టర్ని అడగండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడితే అది సర్దుకుపోవాల్సిన విషయం కాదు, వైద్యుడికి చెప్పాలి. పెద్ద కోటు ఇక్కడ కొనకండి, అక్కడే కొనండి. ఒక్క మందపు స్వెటర్ కన్నా రెండు మూడు పల్చని పొరలు మేలు, ఎందుకంటే రైళ్లు, ఆఫీసులు లోపల వెచ్చగా ఉంటాయి.

మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గడియారాలు మారతాయి. వేసవిలో భారత్ మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్టోబరు తర్వాత ఇంటికి చేసే ఫోన్ వేళ మార్చుకోకపోతే అమ్మానాన్నలు నిద్రపోయాక గాని మీ ఆఫీసు అవ్వదు.

స్నేహాలు అక్కడ క్లబ్బుల ద్వారానే కుదురుతాయి. క్రికెట్, బ్యాడ్మింటన్, పాటలు, కొండలెక్కడం, అన్నిటికీ ప్రతి ఊళ్లో ఫెరైన్ అనే నమోదైన సంఘాలుంటాయి. ఈమెయిల్ పెట్టి ఒకటి రెండు సార్లు ఉచితంగా వచ్చి చూడొచ్చా అని అడగండి, దాదాపు అందరూ ఒప్పుకుంటారు. సభ్యత్వం తీసుకుంటే రాజీనామా గడువు ఏ నెలలో ఉందో చూసుకోండి, చాలా సంఘాల్లో అది ఏడాదికి ఒకటి రెండుసార్లే. మునిసిపాలిటీలు నడిపే ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో సాయంత్రం జర్మన్ తరగతులు తక్కువ ఫీజుకు దొరుకుతాయి. ఆ రెండింటినీ అక్టోబరులోగా మొదలుపెట్టండి. చీకటి పడ్డాక ఇంట్లోంచి కదలాలనిపించని నెలల్లో, వారానికి రెండు సాయంత్రాలు మీకోసం ఎవరో ఎదురుచూసేలా ఉండాలి.